చేతిరాతకు గూడు: పాత గ్రీటింగ్ కార్డులతో కుట్టు పుస్తకం

బీరువా అడుగు అరలోనో, మిఠాయి డబ్బాలోనో రబ్బరు బ్యాండు వేసి ఉంచిన పాత గ్రీటింగ్ కార్డుల కట్ట చాలా తెలుగు ఇళ్ళలో ఇంకా ఉంది. కొత్త సంవత్సరానికి స్నేహితులు పంపినవి, సంక్రాంతికి మేనమామలు పంపినవి, అమెరికా నుంచి పిన్ని పంపిన పెద్ద కవర్లు, బడిలో పిల్లలు స్కెచ్ పెన్నులతో గీసినవి అన్నీ అందులో కలిసే ఉంటాయి. పారేయడానికి చేతులు రావు. అలాగని ఎవరూ తీసి చూడరు. రబ్బరు బ్యాండు మాత్రం ఏటేటా కాగితాన్ని కొరుకుతూ, చివరికి కరిగి అంటుకుపోతుంది.

ఈ కార్డులతో ఏం చేయవచ్చని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే: పై బొమ్మలు కత్తిరించి పెట్టెలు, పుస్తకాల్లో పెట్టుకునే గుర్తులు, గోడకు వేలాడే తోరణాలు చేయమని. నాకు ఆ సలహా నచ్చదు. ముద్రించిన గులాబీ బొమ్మకు వేల ప్రతులు ఉంటాయి. లోపల మామయ్య రాసిన రెండు వాక్యాలకు ఉన్నది ఈ ఒక్క ప్రతే. బొమ్మ కోసం కార్డును కోస్తే పోయేది ఆ రాతే. అందుకే ఇక్కడ చెప్పే పద్ధతిలో కార్డును కోయడం లేదు, అతికించడం లేదు. కార్డుకు పుట్టుకతోనే ఒక మడత ఉంది. ఆ మడత మీదుగా దారంతో కుడితే కార్డే పుస్తకంలో పుటగా మారుతుంది. తెరిస్తే లోపలి రాత మొత్తం కనిపిస్తుంది, తిప్పితే వెనుక ముద్రాపకుల పేరూ కనిపిస్తుంది. కార్డుకు జరిగేదల్లా మడత మీద మూడో ఐదో సూది రంధ్రాలు. రేపు ఎవరికైనా విడిగా కావాలంటే దారం తెంపి క్షేమంగా తీసుకోవచ్చు.

పన్నెండు కార్డుల పుస్తకాన్ని ఉదాహరణగా తీసుకుని చెబుతాను. మొదటిసారి చేసేవారికి ఆ సంఖ్య సరిపోతుంది. పని కష్టమైనది కాదు కానీ ఒక్క పూటలో ముగించాలని కూర్చోకండి. బంక ఆరడానికే రెండు రాత్రులు పడుతుంది.

ముందుగా కట్ట విప్పడం

శుభ్రమైన బల్ల మీద పాత దుప్పటి పరచండి. చేతులు కడిగి పూర్తిగా ఆరబెట్టుకోండి. ఫ్యాను ఆపండి. కార్డులతోపాటు మంచినీళ్ళ గ్లాసు, టీ కప్పు ఆ బల్ల మీద ఉండకూడదు. ఇంకు పెన్నుతో రాసిన నీలం అక్షరాలు ఒక్క చుక్క నీటికే అలుక్కుపోతాయి.

రబ్బరు బ్యాండు అంటుకుపోయి ఉంటే లాగవద్దు. ఎండిన ముక్కలను గోటితో కాకుండా ప్లాస్టిక్ స్కేలు అంచుతో మెల్లగా లేపండి. పిన్నులు, క్లిప్పులు తుప్పు పట్టి ఉంటే కింద పలుచని ప్లాస్టిక్ ముక్క దూర్చి, కాళ్ళు నిటారుగా చేసి తీయండి. సెల్లో టేపు పసుపుగా మారి గట్టిగా పట్టుకుని ఉంటే దాని జోలికి పోకండి. అది తీసే ప్రయత్నంలో కింది అక్షరాలు లేచివస్తాయి.

దుమ్మును మెత్తని కుంచెతో, మడత నుంచి అంచు వైపుగా తుడవండి. తడి గుడ్డ వాడకూడదు. బూజు కనిపిస్తే ఆ కార్డును వేరుచేసి, నీడలో గాలి తగిలేచోట రెండు మూడు రోజులు ఆరనిచ్చి, తరువాత ముక్కుకు మాస్కు కట్టుకుని ఇంటి బయట కుంచెతో దులపండి. పురుగు తిన్న గుర్తులు, సన్నటి పొడి కనిపిస్తే మొత్తం కట్టను గాలి చొరని ప్లాస్టిక్ సంచిలో మూసి, మైనస్ 18 డిగ్రీలు ఉండే ఫ్రీజరులో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా సంచి విప్పవద్దు. చల్లటి కాగితం మీద గాలిలోని తేమ చేరకుండా ఉండటానికి ఈ జాగ్రత్త.

తెరవగానే పాట పాడే కార్డులు ఉంటే వాటిలోని గుండీ బ్యాటరీని ఇప్పుడే తీసేయండి. ఆ బ్యాటరీలు కాలక్రమంలో కారి, చుట్టూ ఉన్న కాగితాన్ని మరకలు చేస్తాయి. తీసిన బ్యాటరీ పసిపిల్లల చేతికి అందకూడదు. మింగితే ప్రాణాపాయం.

ఎవరు, ఎప్పుడు, ఎక్కడి నుంచి

ఈ భాగాన్ని తొందరగా దాటవేయకండి. నా దృష్టిలో పుస్తకానికి ప్రాణం ఇక్కడే ఉంది. కుట్టు పని ఎప్పుడైనా చేసుకోవచ్చు. కార్డు మీది సంతకం ఎవరిదో చెప్పగల పెద్దవాళ్ళు ఎల్లకాలం ఉండరు.

చాలా కార్డుల మీద తేదీ ఉండదు. 'నూతన సంవత్సర శుభాకాంక్షలు' అని ఉంటుంది, ఏ సంవత్సరమో ఉండదు. కవరు మిగిలి ఉంటే సగం చిక్కు విడిపోయినట్టే. తపాలా ముద్రను భూతద్దంతో, ఏటవాలు వెలుతురులో చూడండి. చదవడానికి రాకపోతే ఫోనుతో ఫోటో తీసి, నలుపు తెలుపు తేడా పెంచి చూడండి. ముద్ర పూర్తిగా చెరిగిపోయినా స్టాంపు ఉంది. మన స్టాంపుల మీద 1957 వరకు అణాలు ఉండేవి. ఆ సంవత్సరం నుంచి 1964 వరకు నయా పైసలు, తరువాత వట్టి పైసలు వచ్చాయి.

చిరునామా ఇంకా ఎక్కువ చెబుతుంది. పిన్‌కోడు 1972 ఆగస్టు 15న మొదలైంది కాబట్టి ఆరు అంకెల పిన్‌కోడు రాసి ఉన్న కవరు అంతకు ముందుది కాదు. రంగారెడ్డి జిల్లా 1978లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. కవరు మీద 'విజయనగరం, విశాఖపట్నం జిల్లా' అని ఉంటే 1979కి ముందుదని అనుకోవచ్చు, అయితే పాత అలవాటు కొద్దీ తరువాత కూడా అలా రాసినవాళ్ళు ఉంటారు. బొంబాయి పేరు 1995లో ముంబై అని, మద్రాసు పేరు 1996లో చెన్నై అని మారాయి. ఇక్కడా అదే జాగ్రత్త అవసరం: కొత్త పేరు ఉంటే ఫలానా సంవత్సరం తరువాతదని నమ్మవచ్చు. పాత పేరు ఉన్నంత మాత్రాన ముందుదని తేల్చలేం.

కవరు లేని కార్డుకు దాని వెనుక వైపే ఆధారం. అడుగున చిన్న అక్షరాల్లో ముద్రాపకుల పేరు ఉంటుంది. ఆర్చీస్ సంస్థ 1979లో ఢిల్లీలో మొదలైంది, పిల్లల సంక్షేమం కోసం పనిచేసే క్రై సంస్థ కూడా అదే సంవత్సరం పుట్టింది. కాబట్టి ఆ గుర్తులున్న కార్డులు అంతకు ముందువి కావు. యునిసెఫ్ కార్డులు అంతకంటే చాలా పాతవి. 1949లో ఒక చెక్ బాలిక వేసిన బొమ్మతో వాటి చరిత్ర మొదలైంది. ధర ముద్రించి ఉంటే అదీ రాసుకోండి.

ఇప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళను కూర్చోబెట్టుకుని కార్డులు ఒక్కొక్కటిగా చేతికివ్వండి. "ఇది ఎవరు రాశారు నానమ్మా?" అని అడిగి, ఫోనులో మాటలు రికార్డు చేయండి. 'ఇట్లు, మీ రాజు' అన్న సంతకం వెనుక ఏ రాజు ఉన్నాడో, అప్పుడు ఏ ఊళ్ళో ఉద్యోగం చేసేవాడో వాళ్ళకే తెలుసు. మధ్యలో మాట పక్కకు పోతే పోనివ్వండి, కార్డు కంటే విలువైన కబురు అక్కడే దొరుకుతుంది. విన్నదాన్ని కార్డు మీద రాయవద్దు. విడి చీటీ మీద పెన్సిలుతో రాయండి: రాసినవారి పేరు, మనకు ఏమవుతారు, ఊరు, సంవత్సరం, పండుగ. అంచనా మాత్రమే అయితే 'సుమారు' అని చేర్చండి. ఈ చీటీలే చివర్లో పుస్తకంలోకి వెళతాయి.

దేన్ని ఉంచాలి, దేన్ని కోయవచ్చు

చేతిరాత ఉన్న ప్రతి కార్డూ ఉంచవలసినదే, ఉన్నది రెండు మాటలైనా సరే. ఎరువుల దుకాణం, చీరల దుకాణం, బీమా ఏజెంటు పంపిన కార్డుల్లో ముద్రించిన శుభాకాంక్షలు, రబ్బరు స్టాంపు తప్ప మరేమీ ఉండదు. కత్తెర పెట్టాలంటే వాటికే పెట్టండి. వాటిలోని ముగ్గు, గంగిరెద్దు, దీపాల బొమ్మలు పుస్తకం పై అట్టకు అలంకారంగా పనికొస్తాయి.

పిల్లలు చేసిన కార్డులను ఈ లెక్కలో చిన్నచూపు చూడవద్దు. దారాన్ని రంగులో ముంచి, మడిచిన కాగితం మధ్య పెట్టి లాగితే విచ్చుకునే పువ్వులు, ఆకును అడ్డం పెట్టి పళ్ళకుంచెతో చల్లిన రంగులు: ఒక తరం తెలుగు పిల్లలు డిసెంబరు చివరి వారమంతా ఈ పనిలోనే ఉండేవారు. అవి నోటుపుస్తకం కాగితం మీద ఉన్నా పుస్తకంలో మొదటి వరుసలో పెట్టదగినవి.

ఎంచిన ప్రతి కార్డునూ స్కాన్ చేయండి. ముందు, లోపల, వెనుక, కవరు, నాలుగూ. చదువుకోవడానికి 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క) చాలు, పెద్దది చేసి ముద్రించాలనుకుంటే 600 పెట్టండి. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ళు ఎక్కువమంది ఉన్న ఇంట్లో ఈ స్కాన్లే గొడవ రాకుండా కాపాడతాయి. అసలు పుస్తకం ఒకరి దగ్గర ఉంటుంది, మందపాటి కాగితం మీద ముద్రించిన ప్రతులతో ఇదే పద్ధతిలో మిగిలినవారికీ పుస్తకాలు కుట్టి ఇవ్వవచ్చు.

కావలసిన సామగ్రి

డ్రాయింగ్ షీటు పూర్తి సైజుది, అంటే 56 × 76 సెంటీమీటర్లది ఒకటి, మందం 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల లెక్క) దగ్గరలో. చేతి తయారీ కాగితమైతే ఇంకా మంచిది. బైండింగు వాళ్ళు వాడే గట్టి అట్ట, రెండు మిల్లీమీటర్ల మందం. అట్టలకు చుట్టడానికి నేత నూలు గుడ్డ. మంగళగిరి నూలు గుడ్డ నేత దట్టంగా ఉంటుంది కనుక బంక పైకి ఊరదు, నాకు అదే ఇష్టం. అమ్మమ్మ పాత చీరలో చిరగని భాగం ఉంటే అంతకంటే తగినది లేదు.

దారం విషయంలో ఒక మాట. పూలు కట్టే దారం మెత్తగా ఉండి త్వరగా తెగుతుంది, నైలాను దారం కాగితాన్ని కోస్తుంది. బొంతలు కుట్టే గట్టి నూలు దారం తీసుకుని, తేనెమైనం ముద్ద మీద రెండుసార్లు లాగండి. చిక్కుపడదు, ముడి జారదు. రంధ్రాలు వేయడానికి సన్నని దబ్బనం, కుట్టడానికి మొన మరీ వాడిగా లేని సూది కావాలి. ఇవి కాక ఉక్కు స్కేలు, కట్టరు, పెన్సిలు, మడత నొక్కడానికి స్టీలు చెంచా.

బంకను ఇంట్లోనే కాచుకోండి. ఒక వంతు మైదాను ఐదు వంతుల చన్నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, సన్నని సెగ మీద ఆపకుండా తిప్పాలి. తెల్లదనం పోయి అద్దంలా మెరిసే దశకు వచ్చాక ఇంకో రెండు నిమిషాలు ఉంచి దించండి. చల్లారాక పలుచని గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో రెండు మూడు రోజులు నిలవ ఉంటుంది. పురుగు పట్టకుండా బంకలో మైలుతుత్తం కలపడం పాత బైండర్ల అలవాటు. మీరు కలపవద్దు. అది విషం, పైగా రాగి లవణాలు కాగితాన్ని పాడుచేస్తాయి. బజారులో దొరికే తెల్ల బంకను అట్టకు గుడ్డ అతికించడానికి వాడుకోవచ్చు కానీ కార్డు దరిదాపుల్లోకి రానివ్వకండి. ఆరితే మళ్ళీ వదలదు. మైదా బంక తడి తగిలితే వదులుతుంది, మన పనికి ఆ గుణమే ముఖ్యం.

కుచ్చిళ్ళ వెన్ను తయారీ

ఈ పుస్తకానికి వెన్ను ఒకే పొడవాటి కాగితపు పట్టీ. దాన్ని చీర కుచ్చిళ్ళలా ముందుకూ వెనక్కూ మడుస్తాం. ఒక్కో కుచ్చులో ఒక్కో కార్డు కూర్చుంటుంది. కార్డుల మీద పూసలు, అతికించిన పువ్వులు, ఉబ్బెత్తు బొమ్మలు ఉంటాయి కదా, మామూలు బైండింగులో అవి ఒకదాన్నొకటి నొక్కుకుని పుస్తకం ముందువైపు నోరు తెరుస్తుంది. కుచ్చిళ్ళు వెన్ను దగ్గర కూడా అంతే మందం ఇస్తాయి కాబట్టి పుస్తకం సమంగా మూసుకుంటుంది.

కొలతలు ఇలా. మీ కార్డులన్నిటిలో ఎత్తైనదాన్ని చూడండి, అది 21 సెంటీమీటర్లు అనుకుందాం. పట్టీ ఎత్తు అంతే. పన్నెండు కార్డులకు పన్నెండు కుచ్చులు, చీటీల జేబులకు మరో రెండు, మొత్తం పద్నాలుగు. ఒక్కో కుచ్చుకు రెండు గోడలు, అంటే మడతకు చెరోవైపు ఉండే పట్టీ భాగాలు. మొదటి కుచ్చు బయటి గోడ, చివరి కుచ్చు బయటి గోడ అట్టలకు అతికించడానికి కాబట్టి చెరి 5 సెంటీమీటర్లు ఉండాలి. మిగిలిన 26 గోడలు ఒక్కొక్కటి ఒకటిన్నర సెంటీమీటరు, అంటే 39. మొత్తం పట్టీ పొడవు 49 సెంటీమీటర్లు. డ్రాయింగ్ షీటులో ఇది సులువుగా వస్తుంది.

కోసే ముందు కాగితం వాలు చూసుకోండి. షీటును విరగకుండా ఒకసారి అడ్డంగా, ఒకసారి నిలువుగా వంచి చూస్తే ఒకవైపు తేలికగా లొంగుతుంది. ఆ లొంగే వంపుకు సమాంతరంగానే మన మడతలు రావాలి. ఎదురు వాలులో మడిస్తే మడత అంచు పగిలి పీచు లేస్తుంది. చేతి తయారీ కాగితానికి ఈ పట్టింపు పెద్దగా ఉండదు.

పట్టీ కోశాక పైఅంచునా కింది అంచునా పెన్సిలుతో 5 దగ్గర ఒక గుర్తు, తరువాత ప్రతి ఒకటిన్నరకూ ఒక గుర్తు, చివర్న 5 మిగిలేలా పెట్టండి. పైగుర్తునూ కింది గుర్తునూ స్కేలుతో కలిపి, రీఫిల్లులో ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో గీత నొక్కండి. ఆ గీతల మీద ఒకటి వెనక్కి, ఒకటి ముందుకు మార్చి మార్చి మడవండి. చెంచా వీపుతో ప్రతి మడతనూ గట్టిగా రుద్దండి. మొదటి మడత వెనక్కి ఉండాలి, చివరిదీ వెనక్కే వస్తుంది. లెక్కపెడితే వెనుక మడతలు పద్నాలుగు, ముందు మడతలు పదమూడు ఉండాలి. సంఖ్య తేడా వస్తే కుట్టు మొదలుపెట్టకండి, గుర్తులు మళ్ళీ కొలవండి. మడిచిన పట్టీని రాత్రంతా బరువు కింద ఉంచండి.

అట్టలు

గట్టి అట్టను రెండు ముక్కలు కోయండి. ఎత్తు పట్టీ కంటే 6 మిల్లీమీటర్లు ఎక్కువ, అంటే 21.6 సెంటీమీటర్లు. వెడల్పు మీ వెడల్పాటి కార్డు కంటే అర సెంటీమీటరు ఎక్కువ. గుడ్డను నాలుగు వైపులా రెండేసి సెంటీమీటర్లు వదిలి కత్తిరించండి. బంకను గుడ్డకు కాదు, అట్టకు పూయాలి. గుడ్డకు పూస్తే మరకలు పైకి తేలతాయి. గుడ్డ పరిచాక మధ్య నుంచి అంచులకు చేత్తో సాగదీయకుండా నొక్కండి. మూలల్లో గుడ్డను ఏటవాలుగా కత్తిరించాలి, అయితే అట్ట మూలకు 3 మిల్లీమీటర్ల దూరంలో. మరీ దగ్గరగా కోస్తే మూల బట్టతలలా బయటపడుతుంది. పొడవు అంచులు ముందు, పొట్టి అంచులు తరువాత లోపలికి మడిచి అతికించండి. లోపలివైపు ఖాళీకి డ్రాయింగ్ షీటు ముక్క అతికించాలి. ఒకవైపే అతికిస్తే అట్ట ఆరేకొద్దీ ఆ వైపుకు వంగుతుంది. రెండో వైపు కాగితం ఆ లాగుడును సరిచేస్తుంది. నాలుగు లావు పుస్తకాల కింద ఒక రాత్రి.

పై అట్ట మీద బొమ్మ పెట్టాలనుకుంటే, దుకాణాల కార్డుల నుంచి కోసిన ముగ్గునో దీపాన్నో ఇప్పుడే అతికించండి. ఒక్కటి చాలు. పది బొమ్మలు ఇరికిస్తే అందం పోతుంది.

కుట్టు

కార్డులను వరుసలో పెట్టుకోండి. కాలక్రమంలో పెట్టవచ్చు. నాకు మాత్రం మనిషి వారీగా పెట్టడం మేలనిపిస్తుంది. ఒకే పెదనాన్న రాసిన నాలుగు కార్డులు వరుసగా చదివితే, మొదటిదానిలో ముత్యాల్లాంటి అక్షరాలు చివరిదానికి వచ్చేసరికి వణకడం కనిపిస్తుంది. అది కాలక్రమంలో చెల్లాచెదురైతే కంటికి ఆనదు.

ఒక్కో కార్డుకు రంధ్రాల కొలత ఇలా తీయండి. కార్డు ఎత్తుకు సరిపడా సన్నని కాగితపు పట్టీ కోసి, మధ్యలో ఒక గుర్తు, రెండు చివరల నుంచి రెండేసి సెంటీమీటర్ల లోపల ఒక్కో గుర్తు పెట్టండి. కార్డు తెరిచి పట్టీని మడత మీద ఆనించండి. అక్షరం ఏదైనా మడత దాటి ఆ గుర్తు కిందకు వస్తే గుర్తును కొంచెం జరపండి. రంధ్రం అక్షరాల మధ్య ఖాళీలోనే పడాలి. ఇరవై సెంటీమీటర్ల కంటే ఎత్తైన కార్డులకు, బరువైనవాటికి ఐదు రంధ్రాలు పెడితే నిలుస్తాయి. కింద చెప్పేది మూడింటి కుట్టు.

కార్డును సగం తెరిచి, దాని మడత కుచ్చు లోపల వెనుక మడత మీద సరిగ్గా ఆనేలా పెట్టండి. పొట్టి కార్డులైనా, పొడుగువైనా అన్నిటి అడుగు అంచూ పట్టీ అడుగు అంచుతో కలవాలి. అప్పుడు పుస్తకం నిలబెడితే కార్డులు వేలాడకుండా నిలుస్తాయి. రెండు మూడు చోట్ల మెత్తని క్లిప్పులు పెట్టి, లోపలి నుంచి బయటికి దబ్బనంతో గుర్తుల మీద పొడవండి. కార్డుకూ పట్టీకీ ఒకేసారి రంధ్రం పడాలి. రంధ్రం దారం పట్టేంత ఉంటే చాలు. పిల్లలకు మడతలు నొక్కే పని ఇవ్వండి, దబ్బనం పెద్దవాళ్ళ చేతిలోనే ఉండాలి.

దారం కార్డు ఎత్తుకు మూడింతలు తీసుకోండి. వెన్ను బయటి నుంచి మధ్య రంధ్రంలోకి సూది దూర్చి, పది సెంటీమీటర్ల కొస బయటే వదలండి. లోపలి నుంచి పై రంధ్రం ద్వారా బయటికి రండి. ఇప్పుడు బయట నుంచి మధ్య రంధ్రాన్ని దాటి నేరుగా కింది రంధ్రంలోకి వెళ్ళండి. లోపలి నుంచి మళ్ళీ మధ్య రంధ్రం ద్వారా బయటికి రండి, ముందే అక్కడున్న దారాన్ని సూది చీల్చకుండా చూసుకోండి. బయట రెండు కొసలు ఉంటాయి, వాటి మధ్యగా పొడవాటి కుట్టు ఒకటి పోతూ ఉంటుంది. కొసలు దానికి చెరోవైపు ఉండేలా పట్టుకుని జంట ముడి వేయండి. కొసలు ఒకటిన్నర సెంటీమీటరు ఉంచి కత్తిరించండి. దారం బిగించేటప్పుడు మడత వెంబడే లాగాలి. మడతకు అడ్డంగా లాగితే రంధ్రం చిరుగుతుంది. ముడులన్నీ వెన్ను బయటే ఉంటాయి కాబట్టి కార్డు లోపల రాతకు ఏదీ అడ్డం రాదు.

పైకి తెరుచుకునే కార్డులు, అంటే మడత తల మీద ఉన్నవి కొన్ని ఉంటాయి. వాటినీ మడత వెన్నుకు ఆనించే కుట్టండి. చదివేటప్పుడు పుస్తకాన్ని పక్కకు తిప్పుకోవాలి, అంతే.

మడత లేనివి, మడత తెగిపోయినవి

పోస్టుకార్డు లాంటి ఒంటి రేకు కార్డులకు, మడత దగ్గర రెండు ముక్కలైన కార్డులకు వాహక పుట కావాలి. డ్రాయింగ్ షీటును మధ్యకు మడిచి, దాని మీద కార్డు పెట్టి నాలుగు మూలలు గుర్తు పెట్టుకోండి. ప్రతి మూలకూ కొంచెం లోపలగా ఏటవాలు గాటు కోసి, కార్డు మూలలను ఆ గాట్లలో దూర్చండి. పాత ఫోటో ఆల్బముల్లో మూలలు పట్టుకునే పద్ధతే ఇది, బంక చుక్క అవసరం లేదు. తరువాత ఆ వాహక పుటను కార్డులాగే కుచ్చులో కుట్టండి. తెగిన కార్డు రెండు ముక్కలను మడతకు చెరోవైపు అమర్చితే మళ్ళీ కార్డులా తెరుచుకుంటుంది. వెనుక రాత కూడా ఉంటే పుటలో ఆ భాగం మేరకు కిటికీ కోయండి.

మడత కొద్దిగా మాత్రమే చిరిగి ఉంటే, జపాను టిష్యూ అని చిత్రకళా సామగ్రి దుకాణాల్లో దొరికే పలుచని కాగితం నుంచి వేలెడు వెడల్పు పట్టీని చేత్తో చింపి, పలుచని మైదా బంకతో బయటివైపు అతికించవచ్చు. మొత్తం పనిలో కార్డుకు బంక తగలవలసినది ఇక్కడ ఒక్కచోటే. అది కూడా రాత మీద కాదు. లామినేషన్ మాత్రం ఏ కార్డుకూ చేయించవద్దు. వేడికి ఇంకు మారుతుంది, తరువాత విడదీయడం అసాధ్యం.

జేబులు, కవర్లు

మిగిలిన రెండు కుచ్చుల్లో జేబు పుటలు కుట్టండి. పట్టీ ఎత్తు కంటే 7 సెంటీమీటర్లు ఎక్కువ ఎత్తున్న షీటు తీసుకుని, అడుగు నుంచి 7 సెంటీమీటర్లు పైకి మడిచి, తరువాత నిలువునా మధ్యకు మడవండి. బయటి అంచులను బంకతో మూస్తే రెండు జేబులు. ఒకదానిలో మీరు రాసిన చీటీలు, ఇంకోదానిలో కవర్లు. స్టాంపులను కవరు నుంచి నానబెట్టి ఊడదీయవద్దు. స్టాంపు, ముద్ర, చిరునామా మూడూ ఒకచోట ఉంటేనే వాటికి అర్థం. కవర్లు ఎక్కువ ఉంటే జేబు ఉబ్బుతుంది, అప్పుడు వాటికి విడిగా అట్టపెట్టె చేసి పుస్తకం పక్కన పెట్టండి.

అట్టలు కలపడం

కుట్టు అంతా అయ్యాక అట్టలు. మొదటి గోడ, అంటే 5 సెంటీమీటర్ల ముక్క కింద పాత కాగితం పెట్టి, బయటివైపు బంక పలుచగా పూయండి. పాత కాగితం తీసేసి, పై అట్ట లోపలివైపు దాన్ని ఆనించండి. వెనుక మడత అట్ట అంచుతో సమంగా ఉండాలి, పైనా కిందా 3 మిల్లీమీటర్లు అట్ట కనిపించాలి. గోడకూ మొదటి కార్డుకూ మధ్య ప్లాస్టిక్ కాగితం దూర్చండి, తేమ కార్డుకు చేరదు. రెండోవైపూ ఇంతే. మూసి, మరీ ఎక్కువ బరువు పెట్టకుండా రాత్రంతా ఆరనివ్వండి. ఉబ్బెత్తు బొమ్మలున్న కార్డులు అణగకూడదు కాబట్టి బరువును వెన్ను దగ్గర మాత్రమే ఉంచండి.

వెన్ను బయటికి కనిపిస్తుంది, కుట్లు వరుసగా అందంగానే ఉంటాయి. దుమ్ము చేరకుండా పుస్తకానికి ఒక చుట్టుగుడ్డ కావాలి. తాటాకు పుస్తకాలను గుడ్డలో చుట్టి దాచడం మనకు కొత్త కాదు. ఉతికి గంజి లేకుండా ఆరేసిన నూలు గుడ్డ చాలు. బీరువాలో పుస్తకాన్ని పడుకోబెట్టండి. గోడకు ఆనుకున్న అర వద్దు, వానాకాలంలో గోడ చెమ్మ లాగుతుంది. కలరా ఉండలు పుస్తకం దగ్గర పెట్టకండి. ఆ ఆవిరి ప్లాస్టిక్ అలంకారాలను పాడుచేస్తుంది, పీల్చేవారికీ మంచిది కాదు. ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, తీసి ప్రతి కార్డూ తిప్పి చూడడమే పురుగుకు అసలైన మందు. ఎవరైనా ఒక కార్డును గోడకు పెట్టుకోవాలని అడిగితే స్కాన్ ముద్రించి ఇవ్వండి. స్కెచ్ పెన్ను రంగులు వెలుతురులో ఎంతోకాలం నిలవవు.

ఇంకో కట్ట దొరికితే ఈ పుస్తకాన్ని విప్పవద్దు. అదే ఎత్తు పట్టీతో రెండో సంపుటం కుట్టండి. ఒకటి రెండు కార్డులే అయితే వాహక పుటలో పెట్టి జేబులో ఉంచండి, కుట్టవలసిన సంఖ్యకు చేరాక ఆ రెండో పుస్తకంలోకి మార్చవచ్చు.